శాసనసభ లేని దీవుల్లో ప్రశ్నించే సంస్థలకు నిధుల కటకట

అండమాన్ నికోబార్ దీవులకు శాసనసభ లేదు. ముఖ్యమంత్రి లేరు, మంత్రివర్గం లేదు, ప్రతిపక్షమూ లేదు. 8,249 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో చెదిరి ఉన్న ఈ దీవుల బడ్జెట్ ఢిల్లీలో తయారై పార్లమెంటు ఆమోదం పొందుతుంది. కేంద్ర హోం శాఖ అజమాయిషీలో లెఫ్టినెంట్ గవర్నర్ పాలన సాగిస్తారు. 2011 జనాభా లెక్కల ప్రకారం 3 లక్షల 80 వేల మంది నివసించే ఈ ప్రాంతానికి లోక్‌సభలో ఉన్నది ఒకే ఒక్క స్థానం. రాజ్యసభలో ఆ ఒక్కటీ లేదు.

ఇటువంటి చోట రెండు ఎన్నికల మధ్యకాలంలో అధికార యంత్రాంగాన్ని ప్రశ్నించడం, ప్రజలకు సమాచారం అందించడం, అవసరమైతే న్యాయస్థానం తలుపు తట్టడం వంటి పనులు సహజంగానే స్వచ్ఛంద సంస్థల మీద పడతాయి. కానీ ఆ సంస్థలు బతకడానికి డబ్బు కావాలి. ఆ డబ్బు ఎవరివ్వాలి, ఎవరి అనుమతితో ఇవ్వాలి అనే ప్రశ్న దీవుల్లో మూడు దశాబ్దాలుగా తేలకుండా ఉన్నది.

విదేశీ నిధుల మీద ఆంక్షలు బిగిసిన కొద్దీ, స్వదేశీ దాతలు వివాదాస్పద అంశాలకు దూరంగా జరిగిన కొద్దీ ఈ సమస్య తీవ్రమయింది. ఢిల్లీ, హైదరాబాద్ వంటి నగరాల్లోని పెద్ద సంస్థలు ఏదో ఒక మార్గం వెతుక్కోగలిగాయి. ప్రధాన భూభాగానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో సముద్రం మధ్య ఉన్న చిన్న సంస్థలకు ఆ వెసులుబాటు లేదు.

ఒకే ఎంపీ, రెండు జిల్లా పరిషత్తులు

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత తొలి లోక్‌సభలో ఈ దీవుల ప్రతినిధిని ఎన్నుకోలేదు. నికోబారీ తెగకు చెందిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్‌ను రాష్ట్రపతి నామినేట్ చేశారు. ప్రజలు తమ ఎంపీని నేరుగా ఎన్నుకునే అవకాశం 1967లో గాని రాలేదు. చీఫ్ కమిషనర్ స్థానంలో 1982 నుంచి లెఫ్టినెంట్ గవర్నర్ వచ్చారు. పుదుచ్చేరికి లభించిన శాసనసభ మాత్రం అండమాన్‌కు లభించలేదు.

రాజ్యాంగ 73వ సవరణ అనంతరం 1994లో పంచాయతీల రెగ్యులేషన్ వచ్చింది. మరుసటి ఏడాది ఎన్నికలు జరిగాయి. దక్షిణ అండమాన్, ఉత్తర మధ్య అండమాన్ జిల్లాలకు జిల్లా పరిషత్తులు ఉన్నాయి. రాజధాని పోర్ట్‌బ్లెయిర్‌కు పురపాలక సంఘం ఉన్నది. ఈ నగరం పేరును 2024 సెప్టెంబరులో కేంద్రం శ్రీ విజయపురంగా మార్చింది. నికోబార్ జిల్లాకు పంచాయతీరాజ్ వర్తించదు. అక్కడ గ్రామపెద్దలను ‘కెప్టెన్లు’ అంటారు. వారితో కూడిన గిరిజన మండళ్లకు 2009 నాటి రెగ్యులేషన్ చట్టబద్ధత కల్పించింది.

ఈ సంస్థలన్నీ ఉన్నా భూమి, అడవి, ఓడరేవులు, పోలీసు, ఉద్యోగ నియామకాల వంటి కీలక నిర్ణయాలు వాటి పరిధిలో లేవు. కేంద్ర హోం మంత్రి సలహా సంఘం వంటి వేదికలు సలహా చెప్పగలవే గాని శాసించలేవు. సమాచార రంగంలోనూ ఇదే పరిస్థితి. దీవుల్లో దశాబ్దాలుగా ఇంటింటికీ చేరుతూ వచ్చిన దినపత్రిక ‘ది డైలీ టెలిగ్రామ్స్’ను ప్రచురించేది సాక్షాత్తూ పాలనా యంత్రాంగమే. సొంత కాళ్ల మీద నిలిచిన పత్రికలు ఉన్నా వాటి వనరులు పరిమితం.

తెలుగువారి ప్రయోజనం

ఈ వ్యవహారం తెలుగు పాఠకులకు పరాయిది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత స్థానం తెలుగుదే. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి చేపలవేటకు, కూలి పనులకు, ప్రభుత్వ నిర్మాణ పనులకు వెళ్లి స్థిరపడిన కుటుంబాలే వీరిలో అధికం. పోర్ట్‌బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ వంటి పేటల్లో తెలుగు మాట వినిపిస్తుంది.

స్థానిక రాజకీయాల్లోనూ తెలుగువారి ఉనికి కనిపిస్తున్నది. 2023 మార్చిలో తెలుగుదేశం పార్టీకి చెందిన ఎస్. సెల్వి భారతీయ జనతా పార్టీ మద్దతుతో పోర్ట్‌బ్లెయిర్ పురపాలక సంఘం అధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు. అయితే పురపాలక సంఘంలో పదవి దక్కడం వేరు, భూమి పట్టాలు, రేవుల్లో సదుపాయాలు, కుల ధ్రువీకరణ వంటి సమస్యలు తీరడం వేరు. దీవుల్లో షెడ్యూల్డు కులాల జాబితా అంటూ ఏదీ లేదు. ప్రధాన భూభాగంలో ఆ హోదా ఉన్న కుటుంబం సముద్రం దాటి స్థిరపడితే అక్కడ పుట్టిన పిల్లలకు స్థానికంగా ఆ హోదా వర్తించదు. ఇటువంటి సమస్యను అధ్యయనం చేసి, వివరాలు సేకరించి, ఢిల్లీకి నివేదించాలంటే ఒక సంస్థ, ఇద్దరు ముగ్గురు కార్యకర్తలు, కొంత సొమ్ము తప్పనిసరి.

ఒక చిన్న సంస్థ సాధించినది

నిధులు తక్కువైనా పట్టుదల ఉంటే ఏమి సాధించవచ్చునో చెప్పడానికి దీవుల చరిత్రలోనే ఉదాహరణ ఉన్నది. పోర్ట్‌బ్లెయిర్ కేంద్రంగా సమీర్ ఆచార్య నడిపిన ‘సొసైటీ ఫర్ అండమాన్ అండ్ నికోబార్ ఎకాలజీ’ చిన్న సంస్థ. కల్పవృక్ష్, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీలతో కలిసి ఈ సంస్థ దీవుల్లో అడవుల నరికివేతపై న్యాయపోరాటం చేసింది. దేశవ్యాప్త అటవీ వ్యాజ్యం గోదావర్మన్ కేసులో భాగంగా ఇది సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది.

సుప్రీంకోర్టు 2001లో షేఖర్ సింగ్‌ను కమిషనర్‌గా నియమించింది. ఆయన దీవుల్లో పర్యటించి 2002 ఫిబ్రవరిలో నివేదిక సమర్పించారు. అదే ఏడాది మే 7న న్యాయస్థానం చరిత్రాత్మకమైన ఉత్తర్వు ఇచ్చింది. వాణిజ్యపరంగా చెట్ల నరికివేతను నిలిపివేయాలనీ, సముద్రతీరాల్లో ఇసుక తవ్వకాలను దశలవారీగా తగ్గించాలనీ, జారవా తెగ రక్షిత ప్రాంతం గుండా పోయే అండమాన్ ట్రంక్ రోడ్డు భాగాలను మూసివేయాలనీ ఆదేశించింది. కలప పరిశ్రమ మీద ఆధారపడిన దీవుల ఆర్థిక వ్యవస్థ గతినే ఈ ఉత్తర్వు మార్చివేసింది. రహదారి మూసివేత మాత్రం పూర్తిగా అమలుకు నోచుకోలేదు. ఆ దారిన వాహనాలు బారులుగా సాగిపోతూనే వచ్చాయి.

జారవాల విషయంలోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. స్థానిక న్యాయవాది ఒకరు 1999లో కలకత్తా హైకోర్టులో వేసిన పిటిషన్ చివరకు 2004 డిసెంబరు నాటి జారవా విధానానికి దారితీసింది. శాసనసభ ఉన్న రాష్ట్రంలో అయితే ఒక సభ్యుడు లేచి అడిగే ప్రశ్నను ఇక్కడ న్యాయస్థానంలో పిటిషన్ రూపంలో అడగవలసి వచ్చింది. పోర్ట్‌బ్లెయిర్‌లో కలకత్తా హైకోర్టు సర్క్యూట్ బెంచి ఉన్నా, సుప్రీంకోర్టుకు వెళ్లాలంటే విమాన చార్జీల నుంచి నకళ్ల ఖర్చు దాకా అన్నీ భారమే.

అనుమతి ఇచ్చేదీ, పాలించేదీ ఒకే శాఖ

విదేశీ నిధులు స్వీకరించే సంస్థలను నియంత్రించే చట్టం తొలిసారి 1976లో, అత్యవసర పరిస్థితి కాలంలో వచ్చింది. దాని స్థానంలో 2010లో కొత్త చట్టం చేశారు. అది 2011 మే 1న అమలులోకి వచ్చింది. రిజిస్ట్రేషన్‌కు ఐదేళ్ల గడువు పెట్టారు. రాజకీయ పార్టీలు, ఎన్నికల అభ్యర్థులు, శాసనకర్తలు, న్యాయమూర్తులు, ప్రభుత్వోద్యోగులు, వార్తాపత్రికల సంపాదకులు విదేశీ విరాళాలు తీసుకోవడం నిషిద్ధం. ఈ చట్టాన్ని అమలు చేసేది కేంద్ర హోం శాఖ.

దీవుల విషయంలో చిక్కు ఇక్కడే ఉన్నది. అండమాన్ నికోబార్‌ను పాలించేదీ అదే హోం శాఖ. ఇతర రాష్ట్రాల్లో ఒక సంస్థ రాష్ట్ర ప్రభుత్వాన్ని విమర్శించినా విదేశీ నిధులకు అనుమతి ఇచ్చే అధికారం కేంద్రం చేతిలో ఉంటుంది. రెండూ వేర్వేరు. దీవుల్లో మాత్రం పాలనను ప్రశ్నించదలచిన సంస్థ అదే పాలకుల పైశాఖ నుంచి అనుమతి పొందవలసి ఉంటుంది. అనుమతి నిరాకరించకపోయినా, నిరాకరించవచ్చునన్న శంకే నోరు మెదపకుండా చేస్తుందని విమర్శకుల వాదన.

2020 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించిన సవరణ నిబంధనలను మరింత బిగించింది. పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. విదేశీ విరాళాలన్నీ తొలుత స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా న్యూఢిల్లీ ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలని నిర్దేశించింది. ఖాతా తెరవడానికి ఢిల్లీ రానవసరం లేదనీ, సమీప శాఖ ద్వారా తెరవవచ్చుననీ ప్రభుత్వం వివరణ ఇచ్చింది. వీటన్నింటికంటె చిన్న సంస్థలను దెబ్బతీసినది మరొకటి. ఒక సంస్థ తాను పొందిన విదేశీ నిధులను మరో సంస్థకు బదలాయించరాదన్న నిబంధన అది.

అంతకుముందు ఢిల్లీ, చెన్నై, కోల్‌కతాల్లోని పెద్ద సంస్థ విదేశీ దాత నుంచి గ్రాంటు పొంది, దానిలో కొంత భాగాన్ని మారుమూల సంస్థకు ఇచ్చేది. లెక్కలు, ఆడిట్, దరఖాస్తుల భారం పెద్ద సంస్థ మోసేది. ఊళ్లో పని చిన్న సంస్థ చేసేది. సవరణ తర్వాత ఆ దారి మూసుకుపోయింది. చిన్న సంస్థ తానే రిజిస్ట్రేషన్ పొందాలంటే కనీసం మూడేళ్లుగా పనిచేస్తూ ఉండాలి, గడచిన మూడు ఆర్థిక సంవత్సరాల్లో 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి. నిధులు లేని సంస్థ నిధుల కోసం దరఖాస్తు చేయాలంటే ముందుగా నిధులు ఖర్చు పెట్టి చూపాలన్నమాట.

దరఖాస్తుల ప్రక్రియ అంతా ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది. చెన్నై నుంచి దీవులకు సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయినది 2020 ఆగస్టులో. అంతకుముందు ఉపగ్రహ సంబంధాలే దిక్కు. పత్రాలను కంప్యూటర్‌లో ఎక్కించడానికే గంటలకొద్దీ వేచి ఉండవలసిన రోజుల్లో ఇటువంటి నిబంధనలు దూరపు దీవుల మీద ఎంత భారం మోపాయో ఊహించవచ్చు.

ప్రభుత్వ వాదన

ఆంక్షలకు కారణాలు లేకపోలేదని ప్రభుత్వం చెబుతున్నది. పార్లమెంటుకు సమర్పించిన సమాచారం ప్రకారం దేశంలోని స్వచ్ఛంద సంస్థలకు 2019-20లో 16,306 కోట్ల రూపాయలు, 2020-21లో 17,059 కోట్లు, 2021-22లో 22,085 కోట్ల రూపాయలు విదేశీ విరాళాలుగా వచ్చాయి. ఇంత పెద్ద మొత్తం ఎక్కడినుంచి వస్తున్నదో, ఎక్కడికి పోతున్నదో తెలుసుకునే హక్కు ప్రభుత్వానికి ఉన్నదనడంలో సందేహం లేదు. లెక్కలు దాఖలు చేయని సంస్థలు వేలల్లో ఉన్నట్లు తేలింది. 2011 అనంతరం 20 వేలకు పైగా రిజిస్ట్రేషన్లు రద్దయ్యాయి.

నోయెల్ హార్పర్ కేసులో 2022 ఏప్రిల్ 8న తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు 2020 సవరణలను సమర్థించింది. విదేశీ విరాళం స్వీకరించడం ఎవరికీ సంపూర్ణమైన హక్కు కాదని స్పష్టం చేసింది. అయితే 2020 మార్చిలో వెలువడిన మరో తీర్పులో అదే న్యాయస్థానం ఇంకో పార్శ్వాన్ని కూడా చూపింది. పార్టీ రాజకీయాలతో సంబంధం లేకుండా ప్రజా సమస్యలపై బంద్, హర్తాళ్ వంటి పద్ధతుల్లో ఆందోళన చేసే సంస్థలను ‘రాజకీయ స్వభావం గలవి’గా ముద్రవేసి విదేశీ నిధులు నిరాకరించరాదని చెప్పింది. ఈ రెండు తీర్పులనూ కలిపి చదివితే ప్రభుత్వానికి నియంత్రించే అధికారం ఉన్నదనీ, ప్రశ్నించినంత మాత్రాన ఆ అధికారాన్ని ప్రయోగించడం తగదనీ అర్థమవుతుంది.

రక్షణ దృష్ట్యా దీవుల ప్రాముఖ్యం కూడా ప్రభుత్వ వైఖరికి మరో కారణం. మలక్కా జలసంధికి చేరువలో ఉన్న ఈ దీవులు 1963 నాటి ఉత్తర్వు కింద విదేశీయులకు నిషిద్ధ ప్రాంతాల జాబితాలో చేరాయి. 2018లో 30 దీవులకు సడలింపు ఇచ్చారు. విదేశీ దాత ప్రతినిధి వచ్చి తమ సొమ్ముతో జరిగే పనిని చూసి వెళ్లడం ఇతర ప్రాంతాల్లో మాదిరిగా అంత సులభం కాదు. గిరిజన ప్రాంతాల్లో ప్రవేశానికి 1956 నాటి రెగ్యులేషన్ ప్రకారం స్వదేశీయులకు సైతం అనుమతి పత్రం తప్పనిసరి. చూడలేని చోట సొమ్ము పెట్టడానికి దాతలు వెనుకాడుతారు.

ప్రపంచానికి దాత, ఇంట్లో కాపలాదారు

ప్రజాస్వామ్య నిధుల విషయంలో భారత్ పాత్ర ఆసక్తికరమైనది. ఐక్యరాజ్యసమితి ప్రజాస్వామ్య నిధి 2005లో ఏర్పడింది. అదే ఏడాది సెప్టెంబరులో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్, అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్, సమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్‌తో కలిసి న్యూయార్క్‌లో దీనిని ప్రారంభించారు. భారత్ కోటి డాలర్ల విరాళం ప్రకటించింది. అమెరికా కూడా అంతే ప్రకటించింది. తర్వాతి ఏళ్లలోనూ ఈ నిధికి అత్యధికంగా విరాళాలిచ్చిన దేశాల వరుసలో భారత్ నిలిచింది.

ఈ నిధి వివిధ దేశాల్లో 800కు పైగా పథకాలకు సాయం చేసింది. అందులో సింహభాగం స్థానిక పౌర సంస్థలకే చేరుతుంది. సాధారణంగా రెండేళ్ల గడువుతో లక్ష నుంచి మూడు లక్షల డాలర్ల వరకు గ్రాంటు ఇస్తారు. ఓటర్ల చైతన్యం, మహిళల ప్రాతినిధ్యం, యువజనుల భాగస్వామ్యం, పత్రికా స్వేచ్ఛ, సమాచార హక్కు వంటివి దీని పరిధిలోకి వస్తాయి. ఐక్యరాజ్యసమితి, దాని ప్రత్యేక సంస్థలు, ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి మన చట్టం దృష్టిలో ‘విదేశీ మూలం’ కావు. ఆ లెక్కన దీవుల సంస్థలకు ఇది చక్కని అవకాశం కావాలి.

ఆచరణలో అవరోధాలు వేరే ఉన్నాయి. దరఖాస్తు ఇంగ్లీషులో గాని, ఫ్రెంచిలో గాని ఉండాలి. లక్ష్యాలు, ఫలితాలు, కొలమానాలు, నెలవారీ ప్రణాళికతో కూడిన ఆ పత్రం తయారు చేయడానికే నిపుణులు అవసరమవుతారు. పైగా లక్ష డాలర్లంటే దాదాపు 80 నుంచి 90 లక్షల రూపాయలు. ఏడాదికి రెండు మూడు లక్షలతో నడిచే సంస్థకు అంత మొత్తాన్ని రెండేళ్లలో సక్రమంగా ఖర్చుచేసి లెక్క చెప్పే సిబ్బంది ఉండరు. దాతలకు చిన్న గ్రాంట్లు ఇవ్వడం గిట్టుబాటు కాదు. చిన్న సంస్థలకు పెద్ద గ్రాంట్లు మోయడం సాధ్యం కాదు.

ప్రభుత్వాలు నేరుగా ఇచ్చే ప్రజాస్వామ్య నిధులు ఎంత అస్థిరమైనవో 2025 రుజువు చేసింది. ఆ ఏడాది జనవరిలో అమెరికా విదేశీ సహాయాన్ని స్తంభింపజేసింది. జులై 1 నాటికి అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ కార్యకలాపాలు ముగిశాయి. ఫిబ్రవరిలో భారత్‌లో ఓటింగ్ పెంపు కోసం 2 కోట్ల 10 లక్షల డాలర్లు కేటాయించారని, దానిని రద్దు చేస్తున్నామని వాషింగ్టన్ ప్రకటించడంతో ఢిల్లీలో రాజకీయ దుమారం చెలరేగింది. ఆ సొమ్ము బంగ్లాదేశ్‌కు ఉద్దేశించినదని పత్రికల్లో కథనాలు వచ్చాయి. కేంద్ర ఆర్థిక శాఖ 2023-24 నివేదిక ప్రకారం ఆ సంస్థ అప్పట్లో ప్రభుత్వంతో కలిసి 75 కోట్ల డాలర్ల విలువైన ఏడు పథకాలు నిర్వహించేది. వాటిలో ఓటింగ్ పెంపు పథకమేదీ లేదు. అయినా విదేశీ సొమ్ముతో ఓటరు చైతన్యం అన్న మాటే అనుమానాస్పదంగా మారిపోయింది. దాని నష్టం నిజాయితీగా పనిచేసే చిన్న సంస్థలకు సంక్రమించింది.

సునామీ నేర్పిన పాఠం

దీవుల్లోకి నిధులు వెల్లువెత్తిన సందర్భం ఒకటి లేకపోలేదు. అది 2004 డిసెంబరు 26 నాటి సునామీ. నికోబార్ దీవుల్లో ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి. గ్రేట్ నికోబార్ కొసన ఉన్న ఇందిరా పాయింట్ వద్ద భూమి నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయింది. కేంద్రం విదేశీ ప్రభుత్వాల సాయాన్ని మర్యాదగా నిరాకరించినా స్వచ్ఛంద సంస్థల ద్వారా వచ్చిన విరాళాలకు అడ్డు చెప్పలేదు. అంతకుముందు దీవుల పేరు కూడా తలవని సంస్థలు పోర్ట్‌బ్లెయిర్‌లో కార్యాలయాలు తెరిచాయి.

సాయం ప్రాణాలు నిలిపింది. దాదాపు పదివేల శాశ్వత గృహాల నిర్మాణం చేపట్టారు. ఇదంతా ఒక ఎత్తు. సాయం తీసుకువచ్చిన సామాజిక నష్టం మరో ఎత్తు. నికోబారీ సమాజం ‘తుహెత్’ అనే ఉమ్మడి కుటుంబ వ్యవస్థ మీద నిలిచినది. కొబ్బరి తోటలు, పందులు, పడవలు ఉమ్మడి ఆస్తి. ఎవరికి ఎంత అన్నది పెద్దలు నిర్ణయించేవారు. నష్టపరిహారం చెక్కులు మాత్రం ప్రభుత్వ లెక్కల ప్రకారం భార్య, భర్త, పిల్లలతో కూడిన చిన్న కుటుంబాల యజమానుల పేర వచ్చాయి. కొత్త ఇళ్లూ అదే లెక్కన కట్టారు. ఉమ్మడి ఇల్లు విడిపోయింది. ఎన్నడూ బ్యాంకు ముఖం చూడని చోట నగదు చేరి, మోటారు సైకిళ్లు, టెలివిజన్లు, మద్యం రూపంలో ఖర్చయిపోయిన వైనాన్ని పరిశోధకులు నమోదు చేశారు.

ప్రజాస్వామ్యం పేరిట సాయం చేసేవారు గుర్తించవలసిన విషయం ఇందులో ఉన్నది. తుహెత్ కూడా ఒక విధమైన స్వపరిపాలనే. గిరిజన మండలి సమావేశమయి నిర్ణయం తీసుకునే వరకు ఆగడానికి దాతల గడువులు ఒప్పుకోలేదు. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా సొమ్ము ఖర్చు కావాలన్న తొందరలో, ప్రజలను అడిగి చేయవలసిన పనిని ప్రజల కోసం చేసిపెట్టారు. కొన్నేళ్లకు నిధులు ఇంకిపోగానే సంస్థలు తట్టా బుట్టా సర్దుకున్నాయి. ఇళ్లు మిగిలాయి. ప్రశ్నించే శక్తి మాత్రం ఆ నిధుల వల్ల పెరిగిన దాఖలాలు స్వల్పం.

దీనికి భిన్నంగా సాగిన ప్రయత్నాలు లేకపోలేదు. మద్రాస్ క్రొకొడైల్ బ్యాంక్ ట్రస్ట్ చొరవతో 1990 ప్రాంతంలో మొదలయిన అండమాన్ నికోబార్ ఎన్విరాన్‌మెంట్ టీమ్ ఉత్తర వండూర్ కేంద్రంగా దశాబ్దాల తరబడి స్థానికులతో కలిసి పరిశోధన, విద్యా కార్యక్రమాలు నిర్వహిస్తూ వచ్చింది. కొద్దిపాటి నిధులు ఎక్కువ కాలం అందితే సంస్థ వేళ్లూనుతుందనడానికి ఇది ఉదాహరణ.

స్వదేశీ సొమ్ము మాటేమిటి?

విదేశీ నిధులు అందనప్పుడు స్వదేశీ నిధుల వైపు చూడడం సహజం. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు నికరలాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. 2014 ఏప్రిల్ నుంచి ఇది అమలులో ఉన్నది. విద్య, వైద్యం, పారిశుధ్యం, పర్యావరణం వంటివి అనుమతించిన రంగాల జాబితాలో ఉన్నాయి. పాలనపై నిఘా, సమాచార హక్కు వినియోగం, ఓటరు చైతన్యం వంటివి ఆ జాబితాలో ప్రత్యేకంగా లేవు. ఉన్నా, లైసెన్సుల కోసం ప్రభుత్వం మీద ఆధారపడే కంపెనీ ప్రభుత్వాన్ని ప్రశ్నించే సంస్థకు చెక్కు రాసివ్వడం కల్ల. దీవుల్లో భారీ పరిశ్రమలు లేకపోవడం మరో లోటు.

ప్రభుత్వ నిధులు శిక్షణ వరకు పనికివస్తాయి. 2018లో మొదలయిన రాష్ట్రీయ గ్రామ స్వరాజ్ అభియాన్ కింద పంచాయతీ సభ్యులకు శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఉన్నది. ఎన్నికల కమిషన్ 2009 నుంచి ఓటరు చైతన్య కార్యక్రమం నిర్వహిస్తున్నది. గ్రేట్ నికోబార్ అడవుల్లో నివసించే షోంపెన్ తెగకు చెందిన ఏడుగురు 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఓటు వేయడం దేశమంతటా వార్త అయింది. ఓటు వేయించడం వరకు ప్రభుత్వ యంత్రాంగం సమర్థంగానే చేయగలదు. ఓటు వేసిన మర్నాటి నుంచి ఐదేళ్లపాటు జవాబు అడిగే పనికి ప్రభుత్వం తానే నిధులిచ్చుకోవడం అరుదు.

అరుదే గాని అసాధ్యం కాదని ఆంధ్రప్రదేశ్ అనుభవం చెబుతున్నది. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ పనులపై సామాజిక తనిఖీని తప్పనిసరి చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇందుకోసం 2009లో ప్రత్యేక స్వయంప్రతిపత్తి సంఘాన్ని నెలకొల్పింది. పథకం ఖర్చులో అర శాతం వరకు తనిఖీకి కేటాయించే పద్ధతి ఏర్పడింది. కూలీల కుటుంబాలకు చెందిన యువకులు మస్టర్ రోల్స్ పట్టుకొని ఇంటింటికీ తిరిగి లెక్కలు సరిచూసి, గ్రామసభలో చదివి వినిపించారు. సొమ్ము ప్రభుత్వానిదే, ప్రశ్న మాత్రం ప్రజలది.

మరో మార్గం రాజస్థాన్‌లోని మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ చూపినది. సమాచార హక్కు ఉద్యమానికి ఊపిరులూదిన ఈ సంస్థ సంస్థాగత గ్రాంట్లు తీసుకోకుండా ప్రజల చందాలతోనే నడిచింది. అయితే అక్కడి పల్లెల మధ్య సాధ్యమయినది, నాలుగు లక్షల జనాభా డజన్లకొద్దీ దీవుల్లో చెదిరి ఉన్నచోట సాధ్యమవుతుందా అన్నది ప్రశ్న. ఒక దీవి నుంచి మరో దీవికి సమావేశానికి వెళ్లిరావాలంటే ఓడ టిక్కెట్టు దొరకాలి, సముద్రం అనుకూలించాలి.

గ్రేట్ నికోబార్: పరీక్షా సమయం

ఈ నిధుల చర్చ కాగితాల మీది వ్యవహారం కాదని గ్రేట్ నికోబార్ చాటిచెప్పింది. గలాతియా బేలో భారీ ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, కొత్త పట్టణం నిర్మించే పథకానికి కేంద్రం 2022 నవంబరులో పర్యావరణ అనుమతి మంజూరు చేసింది. అప్పటి అంచనా వ్యయం సుమారు 72 వేల కోట్ల రూపాయలు. ఇందుకోసం 130 చదరపు కిలోమీటర్లకు పైగా అటవీ భూమిని మళ్లించవలసి ఉంటుంది. దేశ రక్షణకూ, వాణిజ్యానికీ ఇది అత్యావశ్యకమని ప్రభుత్వం చెబుతున్నది.

2022 ఆగస్టులో లిటిల్ అండ్ గ్రేట్ నికోబార్ గిరిజన మండలి అటవీ భూమి మళ్లింపునకు అభ్యంతరం లేదని పత్రం ఇచ్చింది. అదే ఏడాది నవంబరులో దానిని ఉపసంహరించుకున్నది. సునామీకి ముందు తాము నివసించిన పూర్వీకుల భూములు కూడా పథకంలోకి వస్తున్న సంగతి సహా ముఖ్యమైన సమాచారం తమకు తెలియజేయలేదని మండలి ఫిర్యాదు చేసింది. పర్యావరణ అనుమతిని సవాలు చేస్తూ ముంబయికి చెందిన కన్సర్వేషన్ యాక్షన్ ట్రస్ట్ వంటి పిటిషనర్లు జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించగా, 2023 ఏప్రిల్‌లో ట్రిబ్యునల్ అనుమతిలో జోక్యానికి నిరాకరించి కొన్ని అంశాల పునఃపరిశీలనకు ఉన్నతస్థాయి సంఘాన్ని నియమించింది.

పథకం మంచిదా, చెడ్డదా అన్నది వేరే చర్చ. ఆగస్టుకు, నవంబరుకు మధ్య ఏమి జరిగిందన్నదే ప్రజాస్వామ్య దృష్టిలో ముఖ్యమైన ప్రశ్న. సంతకం పెట్టే ముందు పత్రాలను నికోబారీ భాషలో చదివి వినిపించేవారు, పటం మీద ఊరి హద్దులు చూపేవారు, చట్టం ఏమి చెబుతున్నదో వివరించే న్యాయవాది అందుబాటులో ఉంటే మండలి తొలిసారే తన అభిప్రాయం స్పష్టంగా చెప్పగలిగేది. ఆ అభిప్రాయం అనుకూలమే కావచ్చు, ప్రతికూలమే కావచ్చు. అందుకు కావలసింది కోట్లు కాదు. ఒక అనువాదకుడు, ఒక న్యాయవాది, కొన్ని ఓడ ప్రయాణాలు.

చేయదగినవి

విదేశీ సొమ్ముపై నిఘా సడలించకుండానే చిన్న సంస్థలకు ఊపిరినిచ్చే మార్గాలు ఉన్నాయి. ఒక నిర్ణీత పరిమితికి లోబడి, పూర్తి లెక్కలతో, రిజిస్టరయిన సంస్థల మధ్య నిధుల బదలాయింపును తిరిగి అనుమతించవచ్చు. 15 లక్షల ఖర్చు నిబంధనను జనాభా తక్కువగా ఉన్న కేంద్రపాలిత ప్రాంతాలకు తగ్గించవచ్చు. దీవుల పాలనను చూసే హోం శాఖే దీవుల సంస్థల దరఖాస్తులనూ తేల్చే పద్ధతికి బదులు, తిరస్కరణలపై స్వతంత్ర అప్పీలు ఏర్పాటు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్ తరహాలో పథకాల వ్యయంలో స్వల్ప శాతాన్ని సామాజిక తనిఖీకి చట్టప్రకారం కేటాయిస్తే, తనిఖీ చేసేవారు ఎవరి దయాదాక్షిణ్యాల మీద ఆధారపడవలసిన అవసరం ఉండదు.

దాతలు మార్చుకోవలసినదీ ఉన్నది. రెండేళ్లలో పెద్ద మొత్తం ఇచ్చి వెళ్లిపోవడానికి బదులు పదేళ్లపాటు చిన్న మొత్తం ఇవ్వడం దీవులకు ఎక్కువ మేలు చేస్తుంది. దరఖాస్తు బెంగాలీలోనో, హిందీలోనో, తమిళంలోనో, తెలుగులోనో స్వీకరిస్తే ఇప్పటివరకు తలుపు తట్టని సంస్థలు ముందుకు వస్తాయి. ప్రధాన భూభాగంలో స్థిరపడిన దీవుల కుటుంబాలు, ఉత్తరాంధ్ర నుంచి వెళ్లినవారి బంధుమిత్రులు గుళ్లకూ పండుగలకూ ఇచ్చే చందాలలో కొంత ఇటువంటి పనులకు మళ్లించినా అది ఏ అనుమతీ అక్కరలేని నిధి అవుతుంది.

సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు రుసుము 10 రూపాయలు. ఆ దరఖాస్తులో ఏమి అడగాలో తెలిసిన మనిషిని తయారు చేయడానికి, ఆ మనిషి జవాబు వచ్చేవరకు నిలబడడానికి కావలసిన ఖర్చు అంతకంటె చాలా ఎక్కువ. శాసనసభ లేని దీవుల్లో ఆ ఖర్చును ఎవరో ఒకరు భరించవలసిందే. ఎవరూ భరించకపోతే దాని మూల్యాన్ని ప్రజలు చెల్లిస్తారు.